కింది అంకె

పులివెందుల,
9-6-1958

అక్కా,

కుశలప్రశ్నలు ఈసారి లేవు. కోపం తగ్గినాక రాద్దామని ఆగినాను. తగ్గలేదు. అందుకని కోపంతోనే రాస్తాండాను.

నీ యింటికి నేను చుట్టపుచూపుగా రాలేదు. హైమ రమ్మంటే వచ్చినాను. నీ కూతురు ఎస్సెల్సీ పాసయింది, కడపలో టీచరు ట్రైనింగుకు సీటొచ్చింది, జూలై నెలాఖరు లోపల చేరాల. వాళ్ల నాయన ఔననడు, కాదనడు. నేను బావను అడిగింది ఒకే ఒక మాట. "హైమను కడపకు ఎప్పుడు పంపుతాండారు బావా?" అని. గొంతు కూడా పెంచలేదు. దానికాయన గుండె మీద చెయ్యి పెట్టుకొని పడక్కుర్చీలో వాలిపోయి, "నూటయాభై! నాకు నూటయాభై బ్లడ్ ప్రెషరు! నన్ను పాడె ఎక్కించేదాకా ఈ యింట్లో ఎవరికీ నిద్రపట్టదు!" అని అరిచినారు. అంత గొంతున్న మనిషికి జబ్బేంది అని నేనంటాండగానే నువ్వొచ్చి నా నోరు మూసినావు. చేత్తో మూసినావక్కా! నాకు ముప్పై ఎనిమిదేండ్లు. బడిలో నేను కన్నెత్తి చూస్తే ఆడపిల్లలందరూ గమ్మునైపోతారు. అట్లాంటిదాని నోరు నువ్వు పసిపిల్లకు మూసినట్ల మూసి, సంచి సర్ది, బస్టాండుకు తీసుకొచ్చి, ముద్దనూరు బస్సెక్కించి పంపినావు.

దారిపొడుగునా నాకు మీ యిల్లే కండ్ల ముందర. అది యిల్లేనా? తిరగమోత పెట్టాలంటే వంటింటి తలుపు మూస్తావు. హైమ మునివేళ్ల మీద నడుస్తాది. దాని ఫిడేలు గూట్లో ఉండాది, తీగలు తుప్పుపట్టినాయి. చెంబు కిందపడితే తల్లీకూతుళ్లిద్దరూ ఊపిరి బిగబట్టి పడక్కుర్చీ దిక్కు చూస్తారు. ఆ రిజిస్ట్రాఫీసులో గుమాస్తాపని చేసేదానికి ఆయనకు ప్రెషరు అడ్డంరాదు. పేకాటకు అడ్డంరాదు. ఆవకాయకు అడ్డంరాదు. ఇంట్లో ఆడవాళ్లు ఒకమాట అడిగితే మాత్రం పైకెక్కుతాది.

నీ వాలకం కూడా నాకు బాగ అనిపించలేదు. పొద్దస్తమానం తలకు గుడ్డ బిగించుకొని తిరుగుతాండావు. కండ్లు ఎర్రగా ఉండాయి. అడిగితే పొగ అన్నావు. పొయ్యి ఆరిపోయి శానాసేపయింది అప్పటికి.

జవాబు రాయి. "ఆయన సంగతి నీకు తెలీదు" అని మాత్రం రాయొద్దు.

నీ చెల్లెలు,
వైదేహి


ప్రొద్దుటూరు,
17-6-1958

వైదేహికి అక్క దీవించి రాసేది.

ఆయన సంగతి నీకు తెలీదు. నువ్వు వద్దన్నా అదే రాస్తాను.

నోరు మూసినందుకు నీకు కోపం. మూయకపోయుంటే, నీ మాటకు ఆయనకు ఏమన్నా జరిగుంటే, నా పసుపుకుంకాలకు నువ్వు పూచీ పడుంటావా? పులివెందులకు పోయి నీ బడి నువ్వు చూసుకుంటావు. ఈడ ఉండాల్సింది నేను.

మా మామగారు ఎట్ల పోయినారో నీకు చెప్పినానో లేదో. విస్తరి ముందర కూర్చోని, ఔపోసన పడతా పడతా పక్కకు ఒరిగిపోయినారంట. తల ఈయన తొడమీద పడింది. అప్పుడీయనకు ఇంకా మీసాలు కూడా రాలేదు. ఇప్పటికీ అన్నం ముందర కూర్చున్నప్పుడు ఒక్కొక్కసారి ఆయన ముద్ద కలిపి, తినకుండా పక్కకు చూస్తారు. అది నాకు కనపడతాది, నీకు కనపడదు.

రెండేండ్ల కింద ఆఫీసులో పైఅధికారితో మాటామాటా పెరిగి, మిట్టమధ్యాన్నం సైకిలేసుకొని, దారిలో కాఫీ తాగి, ఒళ్లంతా చెమటతో డాక్టరు దగ్గరికి పోయినారు. చేతికి పట్టీ కట్టి చూసి డాక్టరు నూటయాభై అన్నాడంట. "కొంచెం ఎక్కువుంది. వచ్చేవారం తీరిగ్గా వచ్చి కూర్చోండి, మళ్లా చూస్తా" అన్నాడంట. ఈయన పోలేదు. ఎందుకు పోలేదంటే, "ఇంకా పెరిగిందని చెప్తే వినే ధైర్యం నాకు లేదు కాత్యాయనీ" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నువ్వు చూడలేదు. ఆఫీసులో ఎవరో, నూటికి వయసు కలుపుకుంటే ఎంతొస్తాదో అంతే ఉండాల, దానికి మించితే ప్రమాదమే అన్నారంట. అప్పుడాయనకు నలభై ఆరు. లెక్కేసుకో.

హైమ చదువు ఈ సంవత్సరం కాకపోతే వచ్చే సంవత్సరం. తండ్రి లేని పిల్లగా ట్రైనింగు చదివేదానికంటే తండ్రి ఉండి ఇంట్లో ఉండటం మేలు.

నాకేమీ లేదు. వేడిచేసిన తలనొప్పి. ధనియాల కషాయం తాగుతాండాను. అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్లుంటే ఏమనుకోవద్దు, కండ్లజోడు మార్చాల. నువ్వు కొన్నాళ్లు రావొద్దు.

కాత్యాయని


పులివెందుల,
28-6-1958

అక్కా,

రావొద్దన్నావు, రాను. కానీ రాయకుండా ఉండలేను.

మొన్న మా బడికి జమ్మలమడుగు ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది, పిల్లల కండ్లూ పండ్లూ చూసేదానికి. సన్నగా, పొట్టిగా, మాట మాత్రం కొడవలి మాదిరుంటాది. పిల్లలందరూ పోయినాక నేనడిగినాను. మా బావకు నూటయాభై బ్లడ్ ప్రెషరు, అది ఎంత ప్రమాదం అని.

"నూటయాభై కింద ఎంత?" అన్నది.

"కింద ఏంది?" అన్నాను.

ఆమె సంచి కిందపెట్టి నన్ను కూర్చోబెట్టింది. పిడికిలి మూసి తెరిచి చూపించింది. "గుండె ఇట్ల ముడుచుకున్నప్పుడు రక్తం నరాల గోడలను నెట్టే బలం పై అంకె. ఇట్ల వదులై విశ్రాంతి తీసుకునేటప్పుడు కూడా మిగిలే బలం కింది అంకె. నేను ముందు కిందిదే చూస్తాను. విశ్రాంతిలో కూడా దిగకుండా ఉండాదంటే అప్పుడు భయం. సగం చెప్పి జబ్బంటే నేనేం చెప్పేది?" అన్నది.

రెండేండ్ల కింద ఒకసారి చూసిందే అంటే నమ్మలేదు. సైకిలు, కాఫీ, తగాదా అన్నీ చెప్పినాను. "నన్నిప్పుడు మీ ఆటస్థలంలో పరుగెత్తించి చూస్తే నాకూ నూటయాభై వస్తాది. ఒకసారి చూసిన అంకె జబ్బు కాదు. తీరిగ్గా కూర్చోబెట్టి చూడాల, ఇంకోరోజు మళ్లా చూడాల. అప్పుడూ ఎక్కువుంటేనే జబ్బు" అన్నది. నూటికి వయసు కలిపే లెక్క చెప్తే నవ్వింది. "అది ఆఫీసువాళ్ల లెక్క, మాది కాదు" అన్నది.

వింటాండావా? ఒకే ఒక్కసారి! అది కూడా సగం అంకె! డాక్టరు మళ్లా రమ్మంటే పోలేదు! ఆ సగం అంకెను పట్టుకొని రెండేండ్లు మీ నోళ్లు కుట్టేసినారు. భయం ఉంటే ఉండనీ. భయపడిన మనిషి ఆసుపత్రికి పోతాడు. ఈయన భయాన్ని నీ నెత్తిన పెట్టి తాను పేకాటకు పోతాండారు.

ఆయనను జమ్మలమడుగుకు తీసుకుపో. జబ్బుంటే మందు తాగుతారు, నేనే చేతులు కట్టుకోని నిలబడతాను. లేకపోతే మాత్రం మీ యిల్లు నోరు తెరవాల. నువ్వు తీసుకుపోకపోతే నేనొచ్చి మీ అరుగుమీద కూర్చుంటాను. అరుస్తాను కూడా.

వైదేహి


జమ్మలమడుగు, ఆడవాళ్ల వార్డు,
15-7-1958

వైదేహీ,

పైన ఊరిపేరు చూసి బెదరొద్దు. పడుకోనే రాస్తాండాను. రత్నమణి అని ఒక నర్సమ్మ ఉండాది, చూస్తే కలం లాక్కుంటాది.

నీ ఉత్తరం చదివి నేనేమీ చెయ్యలేదు. చింపి పొయ్యిలో వేసినాను. వచ్చింది ఆయన పనిమీద. ఆయనకు సింహాద్రిపురానికి బదిలీ అయింది. రద్దు చేయించుకోవాలంటే జబ్బు సర్టిఫికెట్టు పెట్టమని ఎవరో చెప్పినారు. పెద్దాసుపత్రి సర్టిఫికెట్టయితే ఎవరూ కాదనలేరని బయల్దేరినారు. దారిలో ఏమన్నా అయితే పట్టుకునేదానికి నేను.

నీ డాక్టరమ్మే చూసింది. ఆయనను కుర్చీలో ఆనుకొని కూర్చోమన్నది, కొంచెంసేపు మాట్లాడొద్దన్నది. తర్వాత చేతికి పట్టీ చుట్టి గాలికొట్టి, గొట్టంలో పాదరసం దిగేది చూసింది. "నూటఇరవై ఎనిమిది, కింద ఎనభై. మీకేం లేదండీ, నిక్షేపంగా ఉండారు" అన్నది.

నేను మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నా. ఆయన ముఖం చూస్తే చెంపమీద కొట్టినట్లుండాది. "మళ్లా చూడండి" అన్నారు. మళ్లా చూసింది. దాదాపు అంతే. ఆయన లేచి నిలబడినారు. "రెండేండ్లుగా నేను చస్తా బతుకుతాండా, మీరు లేదంటారా? నాకు సర్టిఫికెట్టు కావాల!" అని అరిచినారు. ఆమె ఆ అరుపులోనే పట్టీ కట్టి చూసింది. "నూటనలభై ఎనిమిది. చూసినారా, కోపమొచ్చింది, ఎక్కింది. కూర్చోండి, దిగుతాది" అన్నది. కూర్చున్నారు. దిగింది. "ఎక్కి దిగేదానికి నేను మందివ్వను, కాగితమూ ఇవ్వను" అన్నది.

అప్పుడాయన ఏమన్నారో విను. "మీ మిషను పాడయింది. ఇదిగో మా ఆడమనిషి ఉండాది. ఒక్కపూట పడుకున్నది లేదు, కోపమంటే తెలీదు, రాయి మాదిరుంటాది. ఈమెకు కట్టండి, ఎంత చూపిస్తాదో చూద్దాం!"

నేను వద్దన్నాను. డాక్టరమ్మ నా ముఖం చూసి, "రామ్మా, కూర్చో" అన్నది.

పట్టీ బిగిసింది. గాలి వదిలింది. మళ్లా కొట్టింది. కొంచెంసేపు కూర్చోబెట్టి రెండో చేతికి కట్టింది. రత్నమణిని పిలిచి ఆమెతో కూడా చూపించింది. తర్వాత మెల్లగా, "రెండువందల పది. కింద నూటఇరవై నాలుగు" అన్నది.

ఆయన తొడ చరుచుకున్నారు. "చెప్పలే! మిషను పాడయిందని చెప్పలే! ఈమెకు రెండువందలంట!" అని నవ్వినారు వైదేహీ. పగలబడి నవ్వినారు.

డాక్టరమ్మ ఆయన దిక్కు చూడనైనా చూడలేదు. అదే పట్టీ రత్నమణి చేతికి కట్టింది. నూటపదహారు, కింద డెబ్బైనాలుగు. "మిషను బాగుంది" అన్నది. నన్ను చీకటిగదిలోకి తీసుకుపోయి చిన్న దీపంతో కంట్లోకి చూసింది. కంటి వెనక రక్తం చిమ్మిన మచ్చలున్నాయంట. తలనొప్పి ఎన్నాళ్లనుంచి, ముక్కులోనుంచి రక్తం పడిందా, మెట్లెక్కితే ఆయాసమా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ ఔనన్నాను. నీకు అబద్ధం చెప్పినాను. ముక్కులోనుంచి ఎన్నోసార్లు పడింది. కుడికంట్లో మబ్బు.

గుమ్మంలో నిలబడి వింటాండారు ఆయన. "నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నారు.

"చెప్తే మీకు ప్రెషరు పెరుగుతాదని" అన్నాను.

డాక్టరమ్మ చీటీ రాసి నన్ను ఈ వార్డులో చేర్చింది.

ఇప్పుడే ఇంటికి పంపేది లేదన్నారు. సర్పగంధి వేరుతో చేసిన మాత్రలిస్తాండారు. ఉప్పు లేదు, లేచి నడిచేది లేదు. పడుకోని పైకప్పు చూస్తాండా. భయం వేస్తాదనుకున్నా. భయం రావడంలేదు. ఒళ్లంతా మండిపోతాంది కోపంతో. ఇన్నాళ్లు ఇదంతా యాడుండిందో తెలీదు.

కాత్యాయని


పులివెందుల,
18-7-1958

అక్కా, మా అక్కా,

ఉత్తరం బడిలో చదివి అట్లే కూర్చుండిపోయినాను. బావ గురించి అంతసేపు అడిగిన నేను, నీ తలగుడ్డ గురించి ఆ డాక్టరమ్మను ఒక్కమాట అడగలేదు. నాకు తోచనే లేదు. నువ్వు ఎప్పుడూ బాగుండేదానివి అనుకున్నాం అందరం.

శనివారం నేనొస్తాండా. మీ మరిది నన్ను వెంటనే పొమ్మన్నారు. డాక్టరమ్మ ఒప్పుకుంటే నిన్ను పులివెందులకు తెచ్చుకుంటాను. వెనకగది కడిగించినాను. బజారు సందడి వినపడదు ఆడ. పిల్లలను అరవొద్దని ఇప్పటినుంచే చెప్పి పెట్టినాను. నిన్ను ఎవరూ ఏమీ అడగరు.

నీ కాళ్లు పట్టుకుంటాను, కోపం తెచ్చుకోవద్దు. బావ నవ్విన సంగతి మనసులోనుంచి తీసెయ్యి. హైమ సంగతి తర్వాత చూసుకుందాం, సీటు పోతే పోనీ. ఏమీ ఆలోచించొద్దు. నువ్వు శాంతంగా ఉంటే చాలు.

వైదేహి


ప్రొద్దుటూరు,
19-7-1958

సౌ. వైదేహికి త్రివిక్రమరావు వ్రాయునది.

మీ అక్క ఆరోగ్య విషయమై ఆసుపత్రివారు అనవసరముగా భయపెట్టుచున్నారని నా అభిప్రాయము. ఆమెకు ఏనాడును జ్వరమైనను వచ్చి ఎరుగదు. గృహకృత్యములు స్తంభించినవి. హైమ చేసిన వంట తినుట దుర్లభముగా నున్నది. నేను త్వరలో సింహాద్రిపురము పోయి ఉద్యోగమున చేరవలసియున్నది. ఈ చింతలచే నాకు నిద్ర లేదు. ఇప్పుడు నాకు నిశ్చయముగా ప్రెషరు పెరిగియుండును.

నీవు పోయి మీ అక్కకు నచ్చచెప్పి ఇంటికి పంపవలెను. ఇదంతయు నీవు రేపిన గొడవయే అని మరువవద్దు.

త్రివిక్రమరావు


జమ్మలమడుగు,
22-7-1958

వైదేహీ,

శనివారం వస్తానన్నావు, వానకు బస్సులు ఆగిపోయినాయంట, రాలేదు. మంచిదే అయింది. వచ్చుంటే ఈ మాటలన్నీ ముఖాన్నే అనుండేదాన్ని.

వెనకగది కడిగించినావా? పిల్లలను అరవొద్దన్నావా? నన్ను ఎవరూ ఏమీ అడగరా? నీకేమన్నా బుద్ధుండాదా? రెండేండ్లు ఒక పడక్కుర్చీకి కాపలా కాసిన మనిషిని నేను. ఇప్పుడు ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి కాపలా కాస్తావా? కోపం తెచ్చుకోవద్దంట! హైమ సీటు పోతే పోనీయాలంట! ఆ మాట నీ నోటినుంచి వస్తాదని నేననుకోలేదు.

డాక్టరమ్మను అడిగినాను. ఇన్నాళ్లు కోపం మింగినందుకు ఈ జబ్బు వచ్చిందా తల్లీ అని. "నాకు తెలీదు, తెలిసినట్ల చెప్పను. మీ అమ్మ ఎట్ల పోయింది?" అన్నది. పక్షవాతం అన్నాను. "అయితే అమ్మనుంచి వచ్చుండొచ్చు. అరిచేవాళ్లందరికీ ఈ జబ్బుండదు, గమ్మునుండేవాళ్లకు ఉండదనీ లేదు. ముఖం చూస్తే తెలిసేది కాదు. కట్టి చూస్తేనే తెలుస్తాది" అన్నది. కాబట్టి నువ్వూ పోయి చూపించుకో. ముందు ఆ పని చెయ్యి, తర్వాత నాకు శాంతం చెప్పు.

నిన్న ఆయన వచ్చినారు. మంచం పక్కన స్టూలుమీద కూర్చోని, "ఎప్పుడొస్తాండావు ఇంటికి? నేను సింహాద్రిపురంలో వండుకోని తినాల్నా?" అన్నారు.

"నేను వచ్చేది డాక్టరమ్మ పంపినప్పుడు. హైమ ఈ వారమే కడపకు పోతాది" అన్నాను.

"ఇప్పుడా సంగతి ఎందుకు?"

"ఇప్పుడే. ఈ నెల దాటితే సీటు లేదు."

ఆయన చెయ్యి గుండెమీదికి పోయింది. కండ్లు మూసినారు. "కాత్యాయనీ, నాకేదో అయితాంది..." అన్నారు. నేను అలవాటుకొద్దీ లేవబోయినాను. కాళ్లు మంచం దిగినాయి కూడా. మళ్లా పైకి పెట్టుకున్నాను.

"రత్నమణమ్మా! ఈడ ఒకాయనకు బాగలేదు, మిషను తీసుకురామ్మా!" అని పిలిచినాను. ఎంత గట్టిగా పిలిచినానంటే వార్డంతా లేచి కూర్చున్నారు. రత్నమణి వచ్చి ఆయనకు పట్టీ కట్టింది. "నూటముప్పై రెండు, కింద ఎనభై నాలుగు. బాగుండారు సార్" అని పోయింది. పక్కమంచం ఖాతూన్‌బీ దుప్పటి నోటికి అడ్డం పెట్టుకున్నది.

అప్పుడు నేను మాట్లాడినాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. "మీకు ఏమీ లేదని చెప్పిననాడు నేను సంతోషపడినా. మీకు దుఃఖమొచ్చింది. నాకు రెండువందలని చెప్పిననాడు మీరు నవ్వినారు. బతికినన్నాళ్లు నాకది మరుపు రాదు. నేను చచ్చిపోయుంటే, మీ జబ్బు పెరుగుతాదని ఇంట్లో ఏడ్చేదానికి కూడా హైమకు వీలుండేది కాదు" అన్నాను.

ఆయన ఏడ్చినారు. అందరి ముందరా. నాన్న తల తొడమీద బరువుగా ఉండిందని, ఆ బరువు ఇప్పటికీ దిగలేదని చెప్పినారు. నాకు జాలేసింది. ఆ భయం నిజమైందే, నాకు తెలుసు. "మీ భయం మీరు మోసుకోండి. ఇంక నేను మోయలేను" అన్నాను. "హైమ కడపకు పోతాది" అని మళ్లా అన్నాను.

ఔనని చెప్పలేదు. కాదని మాత్రం అనలేకపోయినారు. లేచి పోయినారు.

నువ్వు వెంటనే ప్రొద్దుటూరు పోయి హైమను తీసుకొని కడపలో చేర్చు. ఆయన ఏమన్నా అంటే నా పేరు చెప్పు. శాంతంగా చెప్పాల్సిన పని లేదు.

సాయంత్రం డాక్టరమ్మ చూసింది. రెండువందలు, కింద నూటపదహారు. ఇంకా శానా ఎక్కువే. అంత అరిచినాక కూడా దిగుతాందే గానీ ఎక్కలేదు. మందు పనిచేస్తాందంట.

కాత్యాయని


పులివెందుల,
18-8-1958

అక్కా,

తిట్టినావు. బాగా తిట్టినావు. చిన్నప్పుడు నా జడ పట్టుకొని లాగేదానివి, ఆ కాత్యాయనిని మళ్లా చూసినట్లయింది.

హైమ చేరింది. హాస్టలు గదిలో ముగ్గురు పిల్లలు. ఫిడేలు కూడా తీసుకుపోయింది, కొత్త తీగలు వేయించినాను. బావ బస్సు దగ్గరికొచ్చి నిలబడినారు. దాని పెట్టె ఆయనే పైకెక్కించినారు.

నన్ను చూపించుకోమన్నావు, చూపించుకున్నాను. నూటఇరవై రెండు, కింద డెబ్బై ఎనిమిది. నాకు! జిల్లాలో నా అంత కోపిష్టిది లేదు. కాంపౌండరు పొరపాటు పడినాడేమోనని రెండుసార్లు కట్టించుకున్నా.

ఇంకొకటి. నీ మొగుడు సింహాద్రిపురంలో చేరినారు కదా, అప్పటినుంచి ప్రతి ఆదివారం మా యింటికి భోజనానికొస్తాండారు. పప్పులో ఉప్పెక్కువ, చారులో పులుపు తక్కువ అంటారు. నిన్న నేను "మీకు నచ్చకపోతే మీరే చేసుకోండి బావా" అన్నాను. గమ్మున తిని పోయినారు. నాకు ఒళ్లు మండిపోయింది, అయినా పెట్టినాను. నా కోపం ఇంకా తగ్గలేదు, తగ్గుతాదని కూడా నేను మాటివ్వను.

నీ అంకెలు రాయి. రెండూ రాయి.

వైదేహి


ప్రొద్దుటూరు,
12-11-1958

వైదేహికి అక్క రాసేది.

ఇంటికి పంపినాక మళ్లా చూపించుకునేదానికి పోయినవారం జమ్మలమడుగుకు పోయొచ్చినాను. ఒక్కదాన్నే పోయినాను, బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నూటఅరవై రెండు, కింద నూటరెండు. "ఇంకా ఎక్కువే. కిందిది తొంభై దాటకుండా చెయ్యాల. మాత్రలు ఒక్కపూట కూడా మానొద్దు, బాగుండాది గదా అని అసలే మానొద్దు" అన్నది డాక్టరమ్మ. కుడికంట్లో చిన్న మచ్చ మిగిలింది, అది పోదంట. మాత్రలకు ముక్కు దిబ్బడేస్తాది, పగలంతా మబ్బుగా ఉంటాది. ఒక్కోరోజు ఊరికే ఏడుపొస్తాది. అది కూడా మందు వల్లనే కావొచ్చని చెప్పి మోతాదు తగ్గించింది. నయమైపోతాదా అని అడిగితే, "నయం కాదు. అదుపులో ఉంటాది. రోజూ చూసుకుంటా బతకాల" అన్నది. అట్ల మొగమ్మీదే చెప్పడం నాకు నచ్చింది.

ఉప్పు లేని కూడు తినడం ఎంత కష్టమో నీకు తెలీదు. రోజూ విస్తరి ముందర కూర్చోని తిట్టుకుంటా తింటాండా.

రెండో శనివారం సెలవుకు ఆయన వచ్చినారు. కాళ్లు కడుక్కొని కూర్చోని, నా మాత్రల సీసా చేతిలోకి తీసుకొని శానాసేపు చూసినారు. "ఎంతుండాది ఇప్పుడు?" అన్నారు. చెప్పినాను. "కిందిది?" అన్నారు. అదీ చెప్పినాను. ఆ ఒక్క ప్రశ్నకు నా మనసు కొంచెం మెత్తబడిన మాట నిజం.

అంతలోనే, "నాకక్కడ బాగుండడంలేదు కాత్యాయనీ. గుండె దడ. హైమను ఈ యేడుకు మానిపించి పిలిపించు, అది ఈ యిల్లు చూసుకుంటా ఉంటాది, నువ్వు నాతో సింహాద్రిపురం రా" అన్నారు.

"బాగలేకపోతే పోయి చూపించుకోండి. హైమ రాదు. నేనూ రాను" అన్నాను.

ఆయన అరిచినారు. నేనూ అరిచినాను. ఆయన లేచి నిలబడితే నేనూ లేచినాను. పెండ్లయినప్పటినుంచి దాచుకున్న సంగతులన్నీ ఆయన అన్నారు, నేనూ అన్నాను. తలుపులన్నీ తీసే ఉండాయి. గోడ అవతలనుంచి షాహీదాబీ పరుగెత్తుకొచ్చింది, చేతిలో పిండి అట్లే ఉండాది.

"ఏమయిందక్కా? ఎవరికన్నా బాగలేదా?" అన్నది.

నేను ఆయన దిక్కు చూసినాను. ఆయన ముఖం ఎర్రగా ఉండాది, ఆయాసపడతాండారు, అయినా చెయ్యి గుండెమీదికి పోలేదు.

"ఏమీ కాలేదు షాహీదాబీ," అన్నాను, "మేమిద్దరం మాట్లాడుకుంటాండాం."

కాత్యాయని